బీరువాలో ఉండిపోయిన చెక్క చక్రం

మా కోడలు చాపాడు దగ్గర ఒక బడిలో టీచరు. మొన్న సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే, ప్రభుత్వం కొత్తగా పంపిన లెక్కల కిట్టును సీలు విప్పకుండానే ఫోటో తీసి, ఫోను యాప్‌లో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేశామనీ, పిల్లలు ముట్టుకుని ఒక్క ముక్క పోగొట్టినా తనిఖీకి వచ్చినవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది తామేననీ చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, నా మీద నాకే.

నా తరం పంతులమ్మలకు గుర్తుండే ఉంటుంది, మన బోధన బాగుపడాలని సర్కారు గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టిన కాలం. పెద్దముడియం పక్క పల్లెలో పనిచేస్తున్న నన్ను జమ్మలమడుగులో పది రోజుల శిక్షణకు పిలిచారు. ఉప్మా చల్లారిపోయిందనీ, ఫ్యాను తిరగడం లేదనీ అందరం సణుక్కున్నాం గానీ, భిన్నాలు నోటితో చెబితే రావు, పిల్లల చేతికి వస్తువిస్తేనే వస్తాయని అక్కడ చెప్పిన మాట నాకు బాగా పట్టింది. బోధన సామగ్రికిచ్చిన గ్రాంటుతో ఆ ఊరి వడ్రంగి చేతనే వేపచెక్కతో ఒక చక్రం చేయించాను. సగాలుగా, పావులుగా, అరపావులుగా ఊడదీసి మళ్లీ అమర్చుకోవచ్చు. రంగులు నేనే వేసుకుని ఎంత మురిసిపోయానో!

మా అన్న కూతురు అప్పుడు నా దగ్గరుండి నా బడిలోనే ఐదో తరగతి చదివేది. తల్లి లేని పిల్లను, నాలాగే టీచరును చేస్తానని అన్నకు మాటిచ్చి తెచ్చుకున్నాను. మిగతా లెక్కలన్నీ చేసేది, భిన్నాల దగ్గర మాత్రం బిక్కమొహం వేసేది. ఆ చక్రం ఒక్కసారి ఇమ్మని నా వెనకే తిరిగింది. పులివెందులలో టీచర్ల బోధన సామగ్రి ప్రదర్శన అయ్యేదాకా ముట్టుకోవద్దన్నాను, రంగు పోతుందని. అక్కడ మొదటి బహుమతి వచ్చింది. ఇక తనిఖీకి ఎవరొచ్చినా ఇదే చూపించాలని మా హెడ్మాస్టరు దానికి ప్లాస్టిక్ కవరు చుట్టించి, బీరువాలో పెట్టించి, తాళంచెవి నాకే ఇచ్చారు. పిల్ల మళ్లీ అడిగితే వేళ్ల మీద స్కేలుతో కొట్టాను. అడగడం మానేసింది.

అక్కడ పట్టుకున్న లెక్కల భయం ఆ పిల్లను వదల్లేదు. పదో తరగతిలో లెక్కలు రెండుసార్లు తప్పింది, అన్న చదువు మాన్పించాడు. నాకు మాత్రం ఆ ఏడే మంచి టీచరని శాలువా కప్పారు. సిగ్గులేకుండా కప్పించుకున్నాను.

ఆ పిల్ల ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టులో పనిచేస్తోంది. కోడలి మాట విన్న మర్నాడే వెళ్లి, ఉండబట్టలేక పాత సంగతి ఎత్తాను. చీరను సగానికి, మళ్లీ సగానికి మడుస్తూనే, తలెత్తకుండా అంది: “ఆ చెక్కలు ఒగసారి నా చేతికిచ్చింటే నాకూ వచ్చిండేదేమో అత్తా.” కోపంగా కూడా అనలేదు. కోప్పడినా బాగుండేది.

ఇంటికొచ్చి కోడలికి ఇదంతా చెప్పి, రేపే ఆ కిట్టు విప్పమ్మా అని బతిమాలాను. ఆ రోజుల్లో గ్రాంటిస్తే తిరిగి తిరిగి ఏదో ఒకటి మా చేతులతో చేసుకునేవాళ్లం, కవరు కూడా మేమే చుట్టుకునేవాళ్లం. ఇప్పుడు అన్నీ సీలు వేసే వస్తున్నాయి.

“తనిఖీ అయిపోనీ అత్తా, ఆ తర్వాత పిల్లోళ్లకిస్తాం” అంది కోడలు.

నేనూ అప్పుడు ఆ పిల్లతో అచ్చం ఇలాగే అన్నాను.