ఫహాహీల్‌లో నేను ఆడిన అద్దె బేరం

నా మూలంగా ఒకసారి పదిహేను మంది పెద్దమనుషులు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అది చావిల్లు కాదండీ, విందు. ఆ కన్నీళ్ళకు మూలం నేను అద్దె గది వెతుక్కోవడం. గది వెతకడానికీ పెద్దలు ఏడవడానికీ ఏమిటి సంబంధం అంటారా? ఆ సంబంధం కలిపిన ఘనుణ్ణి నేనే. కాస్త నిదానంగా వినండి.

ఎనభైల మొదట్లో మాట. మాది అమలాపురం పక్క. నేను కువైట్‌లోని ఫహాహీల్‌లో ఒక కంపెనీలో టైపిస్టుగా చేరి ఎనిమిది నెలలైంది. నాతోపాటు గదిలో ఓబులేసు ఉండేవాడు. కడప జిల్లావాడు. ఒక అరబ్బు దగ్గర పికప్పు బండి తోలేవాడు. నేను పెద్ద చదువులు చదివానని అతనికి నమ్మకం. ఆ నమ్మకం పోకుండా నేనూ జాగ్రత్తపడుతుండేవాణ్ణి.

మేమున్న పాత బిల్డింగు పడగొట్టి కొత్తది కడతామన్నారు. శుక్రవారం పొద్దున్నకి తాళం ఇచ్చేయాలని కాపలాదారు చెప్పిపోయాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మన పెద్దలు కువైట్ రాలేదు కాబట్టి సరిపోయింది. వచ్చి ఉంటే, పెళ్ళాన్ని ఊళ్ళో వదిలి గది వెతికి చూడు అని మూడోది కూడా కలిపేవారు. అక్కడ భార్య పక్కన లేనివాడల్లా బ్యాచిలరే. ఊళ్ళో ముగ్గురు పిల్లలున్నా సరే బ్యాచిలరే. బ్యాచిలర్ అని వినబడితే గేటు దానంతటదే మూసుకునేది.

"ఏం జేద్దామన్నా? బండిలో పండుకోవాల్సొస్తాదేమో!" అన్నాడు ఓబులేసు.

"నేనున్నాను కదేంటి? నాకు అరబ్బీ వచ్చు కదేంటి? సాయంత్రానికి గది చూపిస్తాను, చూడు."

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడట. నాకు పది అరబ్బీ ముక్కలు వచ్చేసరికి పట్టపగలే దుబాసీ వేషం కట్టాను.

మసీదు దగ్గర ఒక మలయాళీ కిరాణా కొట్టు ఉండేది. గది ఎక్కడ దొరుకుతుందని ఆ కొట్టతన్ని అడిగాను. అతను హిందీలో చెప్పబోయాడు. "మసీదు వెనక గల్లీలో చివరిదాకా వెళ్ళు. ఎదురెదురుగా రెండిళ్ళుంటాయి. అందులో..."

"అరబ్బీలో చెప్పవయ్యా, నాకొచ్చు" అని అడ్డుపడ్డాను.

అతను నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "యసార్" అన్నాడు.

యసార్ అంటే ఎడమ. ఈ సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. నాకు మాత్రం యసార్ అంటే కుడి అని ఆ రోజుల్లో రాతి మీద చెక్కినంత నమ్మకం. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఎడమవైపు ఇంట్లో మంచాలు, బీరువా, ఫ్రిజ్జు అన్నీ ఉన్న గది అద్దెకుంది. కుడివైపు ఇంటివాళ్ళు వంటమనిషి కోసం ఎదురు చూస్తున్నారు. ఇక మీరు నవ్వడం మొదలుపెట్టవచ్చు. నేనింకా గేటు కూడా తట్టలేదు.

తట్టాను. తెల్లని గడ్డం, తెల్లని పొడుగు చొక్కా, చేతిలో జపమాలతో ఒక ముసలాయన వచ్చాడు. కుర్రతనంలో తెరచాప ఓడ మీద బొంబాయి వెళ్ళి ఖర్జూరాలు అమ్మినవాడట. అందుకని హిందీ వచ్చు. ఆయన హిందీ బొంబాయి రేవులో దొరికింది. నా హిందీ ప్రాథమిక పరీక్షలో బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. ఆ రెండు హిందీలు ఆ గుమ్మంలో మొదటిసారి ఎదురుపడ్డాయి.

"వచ్చావా? నీకోసమే చూస్తున్నాం" అన్నాడు ముసలాయన.

బ్యాచిలర్‌కి కువైట్‌లో ఇలాంటి స్వాగతం! నా కళ్ళు చెమర్చాయి.

"నిన్ను పంపింది ఎవరు?"

"మసీదు దగ్గర కొట్టతను, బాబా."

"మంచిది. ఇఖామా ఉందా?"

జేబులోంచి నివాస కార్డు తీసి చూపించాను. ఆయన దాన్ని దూరంగా పెట్టి చూసి, తలూపి, నన్ను తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళాడు. అద్దెకిచ్చేవాడు ముందు వంటిల్లు చూపిస్తున్నాడంటే మనసున్న మనిషి అనుకున్నాను. వంటిల్లంటే అది మా ఊరి పెళ్ళి పందిరంత ఉంది. పొయ్యి తిప్పి చూశాను. కుళాయి విప్పి చూశాను. ఫ్రిజ్జు తలుపు తీసి, లోపల తల పెట్టి, "చల్లగానే ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చాను. ముసలాయన ముఖం వెలిగిపోయింది. పనిముట్లు ఇంత శ్రద్ధగా చూసుకునే వంటవాణ్ణి ఆయన జన్మలో చూసి ఉండడు.

తర్వాత పెరట్లో గది చూపించాడు. రెండు మంచాలు, పరుపులు, గోడకు ఏసీ. పరుపు మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి చూశాను.

"సరే బాబా. నెలకెంత?"

"అరవై దినార్లు."

ఇక్కడ నా ప్రతాపం చూడాలి మీరు. మా అమ్మ సంతలో వంకాయల బేరం ఆడుతుంటే సంచీ పట్టుకుని పెరిగినవాణ్ణి నేను. మొదటి ధరకు ఒప్పుకుంటే మా వంశానికే మచ్చ.

"అమ్మో! చాలా ఎక్కువ బాబా!"

ముసలాయన చేతిలో జపమాల ఆగిపోయింది. "ఎక్కువా?"

"ఎక్కువే. నలభై."

"నలభై... చాలా?"

"చాలు. అంతకన్నా ఒక్క దినారు కూడా కుదరదు."

ఆయన లోపలికి తిరిగి భార్యను కేకేశాడు. పెద్దావిడ తలుపు వెనక నిలబడింది. ఇద్దరూ అరబ్బీలో ఏదో గుసగుసలాడుకున్నారు. దెబ్బ తగిలింది, దిగుతారు అనుకుని ఇంకాస్త బిగించాను.

"కరెంటూ నీళ్ళూ మీవే బాబా."

"కరెంటు డబ్బులు నిన్నెవరడుగుతారు?"

"మరి భోజనం?"

"మేం తినేదే నువ్వూ తింటావు."

పరుపుతో, ఏసీతో, భోజనంతో నలభై! తంతే గారెల బుట్టలో పడటం అంటే ఇదే. ఇక ఆశ ఆగలేదు. "నాతో ఇంకొకడున్నాడు బాబా. డ్రైవరు. వాడూ ఇక్కడే ఉంటాడు."

ముసలాయన ముఖం ముడుచుకుంది. "వాడికి వేరేగా ఎంత?"

"వేరేగా వద్దు! ఇద్దరికీ కలిపి అదే నలభై!"

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆకాశం వైపు చూసి ఏదో ప్రార్థన చదివాడు. "నీలాంటివాణ్ణి నా జన్మలో ఇప్పుడే చూడటం" అన్నాడు. నేను వినయంగా తలవంచుకున్నాను. ఆ పొగడ్తలో తప్పేమీ లేదు. నాలాంటివాణ్ణి ఆ తర్వాత కూడా ఆయన చూసి ఉండడు.

సంగతి విని ఓబులేసు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "తిండితో గూడా నలభైయేనా? ఇద్దరికీనా? ఏం మంత్రమేసినావన్నా?"

"బేరమంటే విద్య ఓబులేసూ. పుస్తకాల్లో దొరకదు."

శుక్రవారం పొద్దున్నే పాత గది తాళం కాపలాదారుకి ఇచ్చేసి, రెండు ట్రంకు పెట్టెలు, చాపలు, కుక్కరు, కారం డబ్బా పికప్పులో వేసుకుని దిగాం. ఇక వెనక్కి వెళ్ళడానికి మాకు ఇల్లు లేదు. గేటు దగ్గరే పెద్దావిడ ఎదురొచ్చి, "యల్లా, యల్లా" అని మమ్మల్ని వంటింట్లోకి తోలింది. అక్కడ చిన్న దూడంత హమూర్ చేప పడుకుని ఉంది. పక్కన గోతం నిండా బియ్యం. ఆవిడ ఒక చేతి అయిదు వేళ్ళూ మూడుసార్లు ఆడించి, పదిహేను మంది అని చెప్పి వెళ్ళిపోయింది.

"ఏందన్నా ఇది?" అన్నాడు ఓబులేసు.

"వంతు."

"ఏం వంతు?"

"వంట వంతయ్యా. షేరింగు గదుల్లో కొత్తగా చేరినవాడిదే మొదటి వంతు. మన పాత గదిలో మాత్రం నువ్వు చెయ్యలేదా?"

"చేసినా గాని, పదిహేను మందికా? ఈ ఇంట్లో ఎంతమంది షేరింగుండారన్నా?"

"అందుకేనయ్యా అద్దె అంత చవక!" అన్నాను. ఆ క్షణంలో నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

నాకు వచ్చిన వంట ఒక్కటే, చేపల పులుసు. అదీ వచ్చు అని నేనే అనేవాణ్ణి, తిన్నవాళ్ళెవరూ అనలేదు. చేప పెద్దది కాబట్టి కారమూ పెద్దగానే పడాలని లెక్కవేసి, ఊరినుంచి తెచ్చిన డబ్బా బోర్లించాను. మా అమ్మ నాకు ఏడాదికని కొట్టించి ఇచ్చిన కారం అది. ఓబులేసు అన్నానికి ఎసరు ఎక్కువ పోశాడు. అది గంజికీ ముద్దకీ మధ్య ఎటూ తేలకుండా ఆగిపోయింది. "ఏం ఫరవా లేదన్నా, ముద్దలు జేస్తా. మా పక్క సంగటి ఇట్లే ఉంటాది" అని చేతులు తడుపుకుని తలకాయలంత ముద్దలు చేసి పళ్ళెంలో పేర్చాడు. మధ్యలో గుంట చేసి పులుసు పోశాం. చూడటానికి కొండల మధ్య నిప్పుల చెరువులా ఉంది.

మధ్యాహ్నం నమాజు కాగానే ముందు హాల్లోకి మగవాళ్ళు వచ్చి తివాచీ మీద గుండ్రంగా కూర్చున్నారు. పళ్ళెం మోసుకెళ్ళి మధ్యలో పెట్టాం. పెట్టి, వాళ్ళ పక్కనే మేమూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం.

చుట్టాలు కాస్త పక్కకు జరిగి మా వైపు చూశారు. వంటవాడు చుట్టాల మధ్య కూర్చోవడం ఎవరూ ఎరగరు. కానీ పళ్ళెం ముందు కూర్చున్న మనిషిని లేపడం వాళ్ళ మర్యాద కాదు. ముసలాయన గొంతు సవరించుకుని, "బిస్మిల్లా" అన్నాడు. అందరూ ముద్ద కలిపారు.

మొదట ఒక లావుపాటాయన దగ్గాడు. పక్కాయన అతని వీపు తట్టబోయి తనూ దగ్గాడు. ఆ దగ్గు పళ్ళెం చుట్టూ తిరిగి వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి. తలగుడ్డల కొసలతో ముక్కులు తుడుచుకున్నారు. ఒకాయన నీళ్ళ కూజా ఎత్తి గ్లాసు అవసరం లేకుండానే తాగేశాడు. ఓబులేసు మాత్రం తల వంచుకుని దిట్టంగా లాగిస్తున్నాడు.

ముసలాయన కన్నీళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. "ఇంతకు ముందు ఎక్కడ వండావు?"

"మా గదిలో, బాబా."

"ఎవరికి?"

"వీడికి."

ఆయన ఓబులేసును కిందనుంచి పైదాకా పరీక్షగా చూశాడు. "వీడు బతికే ఉన్నాడే!"

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గలాటా వినబడింది. ఎదురింటాయన ఒక మనిషిని చేయి పట్టుకుని లాక్కొస్తున్నాడు. ఆ మనిషి చేతిలో సూట్‌కేసు, చంకలో గరిటెల కట్ట. ఎదురింటాయన అరబ్బీలో ఉరిమాడు. ముసలాయన హిందీలో ఆ కొత్త మనిషిని అడిగాడు. "ఏమిటి సంగతి?"

"నేను వంటమనిషిని సాబ్. గోవానుంచి. నిన్న టాక్సీవాడు వీళ్ళ గేటు ముందు దించాడు. వీళ్ళు గది చూపించారు. మంచి మంచం, ఫ్రిజ్జు. నిన్నటినుంచీ ఎవరూ వంట చెయ్యమని అడగలేదు. ఎంత మంచి యజమానులో అనుకున్నాను. పొద్దున్న ఈయనొచ్చి డబ్బులివ్వు అంటున్నాడు. జీతం నేను కదా సాబ్ అడగాలి?"

ముప్పై తడికళ్ళు నా వైపు తిరిగాయి.

"ఇతను వంటమనిషి అయితే," అన్నాడు ముసలాయన మెల్లగా, "నువ్వెవరు?"

"అద్దెకొచ్చినవాణ్ణి బాబా."

"అద్దెకా? ఎంత?"

"నలభై అని మనం అనుకున్నాం కదా. మీరు అరవై అంటే నేనే తగ్గించాను."

ఆ మాట నా నోట్లోంచి బయటికి వచ్చి, హాలంతా తిరిగి, మళ్ళీ నా చెవిలో పడేసరికి నాకు కుడి ఏదో ఎడమ ఏదో అర్థమైంది. నా జీతాన్ని నేనే పట్టుబట్టి తగ్గించుకున్నాను. ఓబులేసును ఊరికే పనికి పెట్టాను. నా చెవులు పులుసుకన్నా ఎర్రబడ్డాయి. గేటు బయట బండిలో మా ట్రంకు పెట్టెలు, చేతిలో తాళం లేని మేము. భూమి చీలితే అందులో అయినా గది దొరికేది.

"అంటే... మనం ఈడ పనోళ్ళమా అన్నా?" అన్నాడు ఓబులేసు, నోట్లో ముద్దతో.

ముసలాయన ముందు కిసుక్కుమన్నాడు. తర్వాత పొట్ట పట్టుకున్నాడు. తలగుడ్డ జారి పులుసులో పడింది. నవ్వు మధ్యలో కథంతా అరబ్బీలో చుట్టాలకు చెప్పాడు. కారానికి ఏడుస్తున్నవాళ్ళు నవ్వడం మొదలుపెట్టి, నవ్వలేక మళ్ళీ ఏడ్చారు. లావుపాటాయన మాత్రం ముక్కు తుడుచుకుంటూ ఇంకో ముద్ద పులుసులో ముంచాడు.

నవ్వులు తగ్గాక ముసలాయన ఎదురింటాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మా తరఫున మాట్లాడాడు. వంటమనిషి ఇటొచ్చేస్తే గది ఖాళీయే కదా, వీళ్ళు బ్యాచిలర్లయినా ప్రమాదకరమైనవాళ్ళు కారు, వంట చెయ్యనివ్వకపోతే చాలు అన్నాడు. ఎదురింటాయన నా వైపు తిరిగి హుందాగా చెప్పాడు.

"నెలకు యాభై."

ఈసారి తప్పు జరగకూడదు. నా పరువంతా పోయింది ధర తగ్గించడం వల్లనే కదా! ఛాతీ విరుచుకుని గట్టిగా అన్నాను.

"కుదరదు. డెబ్బై!"

ఓబులేసు ఒక్క ఉదుటున నా నోరు మూశాడు. పులుసు చేత్తోనే. నా మూతి, ముక్కు, కళ్ళు ఏకమై మండాయి. పళ్ళెం చుట్టూ ఏడవడానికి మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ లోటూ తీరింది. "యాభై సార్, యాభై! ఖలాస్!" అని ఓబులేసు రెండు భాషల్లోనూ మొక్కాడు.

కాబట్టి, ఇంతసేపూ నవ్విన పెద్దలారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ఊపిరి ఉన్నంతవరకు ఏ దేశంలోనైనా, ఏ గుమ్మం ముందైనా, డబ్బిచ్చేది నేనా పుచ్చుకునేది నేనా అని తేల్చుకోకుండా బేరానికి నోరు విప్పను. విప్పితే, ఆ నోరు మళ్ళీ ఓబులేసే మూయుగాక!