అమ్మ చూసొచ్చిన హాస్టల్

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం పొద్దున బాపు బకెట్లతో నీళ్లు కొట్టి జీపు కడుగుతుంటే, ఈ రోజు ఏదో ఉందని నాకు అర్థమైపోయింది. నారాయణఖేడ్ నుంచి కంగ్టికి రోజూ మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే జీపు అది. లోపల ఎప్పుడూ బీడీల వాసన, సంతకు పోయే మేకల వాసన... ఆ రోజు మాత్రం ముందు సీటు మీద అమ్మ కుట్టిన బొంత నాలుగు మడతలు పెట్టి వేసి ఉంది.

హైదరాబాద్ పోతున్నాం... అక్క చదవబోయే యూనివర్సిటీ చూడటానికి!

అక్క సరళ నాకంటే పదేళ్లు పెద్దది. ఖేడ్‌లోనే డిగ్రీ చదివి, చెట్ల గురించి ఇంకా పై చదువు చదవాలని ఎంట్రెన్స్ రాసింది. ఫలితాలు ఇంకా రాలేదు. అందుకే బాపు ముందు ఒప్పుకోలేదు.

"సీటు రానీ. వానలు పడ్డంక పోదాం తియ్యి" అన్నాడు.

"వానలదాక నేనుంటనా? ఇప్పుడే తోల్కపో" అన్నది అమ్మ.

బాపు వెంటనే ఒప్పుకున్నాడు. అమ్మ పుట్టిల్లు బీదర్ వైపు... వానల లోపల అక్కడికి పోతుందేమో అనుకున్నాను నేను. అమ్మకు కడుపులో నొప్పి అని, సంగారెడ్డి దవాఖానకు తిరుగుతున్నారని తెలుసు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని అక్కడ చెప్పిన సంగతి మాత్రం నాకూ తెలియదు, అక్కకూ తెలియదు.

గుంత కనబడితే చాలు, బాపు జీపును మనిషి నడిచినంత మెల్లగా పోనిచ్చాడు. రోజూ ఆయన జీపు ఎక్కేవాళ్లు చూస్తే నమ్మేవాళ్లు కాదు. జోగిపేట దాటాక ఒక చెట్టు కింద ఆగి జొన్నరొట్టె, పల్లీల పొడి తిన్నాం. అమ్మ ఒక్క ముక్క తుంచుకుని, తింటున్నట్టే చేతిలో పట్టుకుని కూర్చుంది.

అక్క మామూలుగా నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ రోజు మాత్రం దారిపొడవునా చెప్తూనే ఉంది... ఆకుల్ని పెద్దగా చూపించే అద్దాల గురించి, అంతస్తుల లైబ్రరీ గురించి. అమ్మ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, అక్క మొహమే చూస్తూ వింది.

యూనివర్సిటీ అంటే ఒక పెద్ద బడి అనుకున్నాను. చూస్తే ఊరికి ఊరే! అమ్మ ఆగి ఆగి నడుస్తోంది. క్లాసుగదులూ లైబ్రరీ బయటి నుంచే చూసింది. "హాస్టల్ చూపియ్యుండ్రి" అన్నది.

ఆడపిల్లల హాస్టల్‌లోకి బాపును రానివ్వరు కదా... ఆయన గేటు దగ్గరే ఉండిపోయాడు. అక్కడ చదివే ఒకమ్మాయి, ఎవరో ఏమో, అమ్మను చూసి చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకుపోయింది. ఒక మంచం ఖాళీగా ఉంది. అమ్మ దాని మీద కూర్చుని, పక్కన తట్టి "ఇల్లి కూత్కో" అని అక్కను కూర్చోబెట్టుకుంది. ప్రేమ పొంగినప్పుడు అమ్మ నోట కన్నడమే వచ్చేది.

"జరమొస్తే ఎవరు జూస్తరు బిడ్డా?" అని ఆ అమ్మాయిని అడిగింది.

"ఒకరికొకరం మేమే చూస్కుంటం ఆంటీ."

"ఇది చెప్పదు. నోరు మూసుకొని పండుకుంటది. మీరే జూడాలె."

తర్వాత మెల్లగా ఆ మంచం మీద పడుకుంది. అక్క కంగారుగా లేపబోతే, ఆ అమ్మాయే "ఉండనీ" అన్నది. అమ్మ నిద్రపోలేదు... పైన ఫ్యాన్ వంక, కిటికీ వంక, గోడల వంక చాలాసేపు చూసింది.

"ఇగ సాలు. జూసిన" అని లేచింది.

కందులు విత్తే రోజుల్లో అమ్మ పోయింది...

అక్కకు సీటు వచ్చిన సంగతి ఆ తర్వాత తెలిసింది. బాపు అక్క ముందు కూర్చుని, "పో బిడ్డా. మీ అమ్మ జూసొచ్చింది గదా" అన్నాడు.

"గందుకే పోలేను బాపూ. ఆడ ఏ మంచం జూసినా అమ్మనే కనబడ్తది. గీ చిన్నదాన్ని ఎవరు జూస్తరు?"

చేరడానికి ఆఖరి రోజున బాపు జీపు తీసి ఇంటి ముందు పెట్టాడు. పొద్దుగూకేదాకా స్టీరింగ్ ముందే కూర్చున్నాడు. అక్క బయటికి రాలేదు. బాపు ఆమెను పిలవనూ లేదు.

నాకు జడ వేసింది, నన్ను చదివించింది అక్కే. తర్వాత తనూ ట్రైనింగ్ చేసి సిర్గాపూర్‌లో టీచర్ అయ్యింది. పిల్లలు ఆమెను వదలరు. పెద్దయ్యాక నేను ఒకే ఒక్కసారి అడిగాను, ఆ రోజు పోయి ఉంటే ఎట్లుండేదని.

"పోతే మంచిగుంటుండె" అన్నది. అంతే... లేచి పనిలో పడిపోయింది.

ఇప్పుడు కాలేజీ చూడాలంటే ఫోన్ తీస్తే చాలు. గదులు, మెస్సు, గ్రౌండు అన్నీ వీడియోలో తిరిగొచ్చేస్తారు పిల్లలు. రోడ్లూ బాగుపడ్డాయి, హైదరాబాద్ ఇప్పుడు దూరమే కాదు. కానీ పిల్ల ఉండబోయే చోటును ఇంటిల్లిపాదీ కదిలి, కళ్లారా చూసి రావడం ఎక్కడా కనబడటం లేదు...

మీరు చదువుకోబోయే చోటికి మొదటిసారి మీ వెంట ఎవరొచ్చారు? అక్కడ వాళ్లేం అడిగారు? రాయండి, చదువుతాను... వాళ్లు ఇంకా మీతోనే ఉంటే మాత్రం, నాకు రాసేముందు వాళ్లతో ఒకసారి మాట్లాడి రండి.