అప్పన్న మేస్త్రీ వద్దన్న వెల్డింగు

మామిడిపళ్ళ గంపలో కార్బైడ్ పొట్లం పెడితే ఒక వాసన వస్తుంది, చెడిపోయిన వెల్లుల్లి వాసన. మొన్న మా గుమ్మం ముందు పళ్ళమ్మే మనిషి గంప దించగానే ఆ వాసన తగిలి, బేరం సగంలో వదిలేసి లోపలికి వచ్చేశాను. పళ్ళు నచ్చలేదనుకుంది మా ఆవిడ. సాలూరులో అప్పన్న మేస్త్రీ గ్యాసు వెల్డింగు కోసం కార్బైడ్ మీద నీళ్ళు పోస్తే షెడ్డంతా అచ్చం ఇదే వాసన. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పనితనం గురించి ఒక మంచి మాట చెప్పేవాళ్ళు ఇప్పుడు ఆ ఊళ్ళో లేరు. అందుకు కారణం నేను.

అరవైల చివరి మాట. నాకు ఇరవై ఆరేళ్ళు. యుద్ధకాలం నాటి పాత పికప్పు ఒకటి కొని, సుంకి ఘాటీ కొండదారి ఎక్కి కొండ సంతల నుంచి అనాసలు, అల్లం దింపుకొచ్చి సాలూరులో లారీలకు అందించేవాణ్ణి. వానలు పడ్డాయంటే సంత దారి బురదలో వెనక చక్రం ఒకటి ఊరికే గిరగిరా తిరిగేది, రెండోది కదిలేది కాదు. ఆ ఏడు రెండు లోడ్ల అనాసలు బురదలోనే నీరుకారిపోయాయి. మూడోది కూడా పోతే బండి అమ్మేసి, మా అన్న గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాలి. దానికంటే చావు మేలనిపించేది.

అప్పన్న మేస్త్రీ నాకు చుట్టం కాదు. అయినా మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. స్పానరు పట్టడం దగ్గర్నుంచి ఇంజను చప్పుడు వినడం దాకా నాకు బండి నేర్పింది ఆయనే. ఆయనకొక పద్ధతి ఉండేది. తాను విప్పి బిగించిన ప్రతి బండికీ, మొదటి లోడు ట్రిప్పులో డ్రైవరు పక్కన తనే కూర్చునేవాడు. "నాను బిగించిన నట్టు ఊడితే ముందు నా పేనమే పోవాల" అనేవాడు. అందుకే లారీల వాళ్ళు కళ్ళు మూసుకుని బండి ఆయనకు అప్పజెప్పేవారు.

వెనక ఇరుసు మధ్యలో, రెండు చక్రాలనీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కి వెల్డింగు కొట్టి, రెండిటినీ కలిపెయ్యమని అడిగాను. ఆయన బండి వెనక భాగాన్ని జాకీ మీద ఎత్తి ఒక చక్రాన్ని చేత్తో తిప్పాడు. రెండోది ఎదురు దిశలో తిరిగింది.

"కళ్ళంలో నూర్పు సూసినావు కదా. లోపలెద్దు మెల్లగా నడుస్తాది, బయటెద్దు బేగి నడవాల. మలుపులో సక్రాలూ అంతే. వెల్డింగు కొడితే రెండెడ్లకీ కాళ్ళు కలిపి కట్టేసినట్టు. బురదలో లాగుతాది. తారురోడ్డు మలుపులో మటుకు తిరగదు, ముక్కు సూటిగా పోతాది."

"మరేటి సెయ్యమంటావు మావా?"

"మిలిటరీ డిస్పోజల్ సామానులో లాకు ఒకటి దొరుకుతాది. సూటిగా ఎల్తే రెండిటినీ కలిపి లాగుతాది, మలుపొస్తే తానే ఒదిలేస్తాది. రాయపూర్‌కి ఉత్తరం రాసినాను, నీ ఇరుసు పళ్ళు లెక్కెట్టి మరీ. నెలన్నర ఆగు."

నెలన్నరకు అనాసల కాలం అయిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు సేతకాదని సెప్పు, ఇంకో షెడ్డుకెల్తాను" అన్నాను, పనివాళ్ళందరూ వింటుండగా. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఆల్లు కొట్టిత్తారు. నీ పక్కన మటుకు ఎవుడూ కూకోడు" అని కార్బైడ్ డబ్బా దగ్గరికి నడిచి, వెల్డింగు తనే కొట్టాడు.

మొదటి ట్రిప్పులో తన పద్ధతి ప్రకారం ఆయనే నా పక్కన కూర్చున్నాడు. బురద అవలీలగా దాటేశాం. నేను పందెం గెలిచినవాడిలా ఆయన వైపు చూసి నవ్వాను. ఆయన నవ్వలేదు. "దిగేటప్పుడు నెమ్మదిగా దింపు" అన్నాడు. సన్నగా జల్లు పడుతోంది. నిండు లోడు, లారీ అందుకోవాలన్న తొందర. "తగ్గించు అల్లుడా" అని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ విన్నాను. ఆ తర్వాతి కుడి మలుపులో స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగలేదు. ఎడమవైపు కొండరాతిని గుద్దుకుంది. నాకు నుదుటి మీద గీరుకుంది, అంతే. ఆయన ఎడమకాలు మోకాలి దాకా నుజ్జయిపోయింది.

విజయనగరం పెద్దాసుపత్రిలో కాలు తీసేశారు. మూడో రోజు లారీ ఓనర్లు నలుగురు చూడ్డానికి వచ్చారు. "అలాటి పని ఎవుడు సెయ్యమన్నాడు మేస్త్రీ?" అని అడిగాడు ఒకాయన. "సేసింది నానే, సెయ్యి నాది" అని ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేను మాట్లాడతానని ఆగాడు, అంతే. నేను చేతిలో ఉన్న గ్లాసు వైపు చూస్తూ నిలబడ్డాను. నిజం చెబితే ఇక నా లోడు ఏ లారీ ఎక్కించుకుంటుంది? ఆ ఒక్క నిమిషం గడిచాక చెప్పడం మరీ కష్టమైపోయింది. మేస్త్రీ చెయ్యి చెడిపోయిందన్న మాట ఊరంతా పాకింది. సంక్రాంతి వెళ్ళేలోపే షెడ్డు మూతపడింది.

రాయపూర్ లాకు చెప్పిన వేళకే వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని దగ్గరుండి వేరే మేస్త్రీ చేత, రిపేరైన నా బండికే బిగింపించాడు. బంగారంలా పనిచేసింది. ఆ బండితోనే నిలదొక్కుకున్నాను, తర్వాత లారీలు కొన్నాను. ఆయన మాత్రం గుమ్మంలో కూర్చుని కిరసనాయిలు పొయ్యిలు బాగుచేస్తూ ఎనిమిదేళ్ళు బతికాడు. పండక్కి బట్టలు పట్టుకెళ్ళేవాణ్ణి. తీసుకునేవాడు. ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

ఆయన నేర్పిన పని నా చేతుల్లో ఇంకా ఉంది. కానీ నన్ను వదలనిది మాత్రం ఒక మధ్యాహ్నం. ఆయన పోయిన పదమూడో రోజు, ఆయన భార్య పైడమ్మత్త నన్ను పక్కకు పిలిచింది. "ఊరోల్లందరూ మా ఆయన సెయ్యి సెడిపోయిందంటారు. ఆయేల బండిలో పక్కనున్నోడివి నువ్వొక్కడివే. నిజిమేటి నాయినా?"

ఇంట్లో ఇంకెవరూ వినడం లేదు. చెప్పినా నాకు పోయేదేమీ లేదు.

"మావ పొరపాటు పడ్డాడత్తా" అన్నాను.

ఆవిడ తలూపింది. "ఆయనా అదే సెప్పీవోడు" అని విస్తరేసి, నాకు అన్నం వడ్డించింది. తిన్నాను.