యువాన్ పెరిగాక నరసాపురం

ఫిబ్రవరిలో నరసాపురం లేసు మహిళల సంఘం అధ్యక్షురాలు ఫోన్ చేశారు. "పోయినసారి మీరు మాట్లాడి వెళ్ళాక మావాళ్ళకి ఎంత ధైర్యం వచ్చిందోనండి మాస్టారూ. మళ్ళీ ఒకసారి రావాలండి" అన్నారు. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పుకునేవాణ్ణి ఇంకెవరు పిలుస్తారు? ఉబ్బిపోయి ఆదివారమే బయల్దేరాను.

రాజమండ్రిలో ఆరింటి ప్యాసింజరెక్కి, నిడదవోలులో నరసాపురం బండికి మారాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు తణుకులోనే ఏదో ఒకటి తినెయ్యడం మంచిది. నేను రెండు ఇడ్లీ పొట్లాలు తిన్నాను, చట్నీ బాగుంది.

తొమ్మిదింబావుకి భీమవరంలో ఓ నలభయ్యేళ్ళావిడ ఎదురు సీట్లో కూర్చుని, సంచిలోంచి సూదీ దారం తీసి లేసు అల్లడం మొదలుపెట్టింది. పేరు సత్యవతి.

"పొద్దున్నే రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళొస్తున్నానండి. ఖాళీల్లేవన్నారు. పోయిన ఆగస్టులో వాళ్ళే వ్యాను పంపించి మరీ పిలిచారు. మా వీధిలో ఎనిమిది మందిమి వెళ్ళలేదు."

"ఎందుకని?"

"రాజమండ్రి నుంచి ఎవరో లెక్చరర్ గారొచ్చారండి. చైనావాళ్ళ డబ్బు విలువ పెరిగింది, ఇక వాళ్ళ లేసు విదేశాల్లో ప్రియమైపోద్ది, ఆర్డర్లన్నీ మనకే వస్తాయన్నారు. నేను బాగా వెనకున్నాను, మొహం ఆనలేదు గానీ, భలే గట్టిగా చెప్పారండి."

ఆ లెక్చరర్ని నేనే. ఆ మాట చెప్పకుండా, కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ కూర్చున్నాను.

నేను అబద్ధమేమీ చెప్పలేదు. చైనా ఏళ్ళ తరబడి తన యువాన్ని తక్కువ విలువకే డాలరుకి కట్టేసి ఉంచి, సరుకు చౌకగా అమ్ముకుంది. అమెరికా ఒత్తిడి పెంచితే 2005 జూలైలో ఆ కట్టు కాస్త వదులు చేసింది. ఆ కాస్త ఎంతంటే రెండు శాతం. ఆ అంకె ఆరోజు నా కాగితం మీద ఉంది. ఆర్డర్లు మనకే అనగానే చప్పట్లు మోగాయి. అంకె చదవబుద్ధి కాలేదు.

పదకొండింటికి సభ. సత్యవతి ఈసారి ముందు వరసలోనే ఉంది. నన్ను పరిచయం చేస్తుంటే ఆమె చేతిలో సూది ఆగింది. రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులో పెట్టేశాను.

"వంద రూపాయల చైనా లేసు నూటరెండయింది, అంతే. అది నాకు అప్పుడే తెలుసు. మీకు చెప్పలేదు" అన్నాను.

"మరి అలాంటిది మనదెంతే?" అని ఓ ముసలమ్మ పక్కామెను అడిగింది.

"నూటయాభై" అంది పక్కామె. ఎవరూ నన్ను తిట్టలేదు. భోజనంలో చేపల పులుసు కొసరి కొసరి వడ్డించారు.

వచ్చేముందు సత్యవతి దగ్గర టేబుల్ క్లాత్ కొనబోయాను.

"బండిలోనే చెప్పుండొచ్చు కదండీ" అంది. నేను జేబులోంచి డబ్బు తీశాను. "మీకు కావాలంటే కొనుక్కోండి. మమ్మల్ని చూసి బాధేసి కొనొద్దండి."

నాకది నిజంగా కావాలో లేదో నాకే తెలియలేదు. ఉత్త చేతులతో నాలుగున్నర బండెక్కాను.

కొవ్వూరు దగ్గర పక్కనున్న పెద్దాయన మాట కలిపాడు. నరసాపురం ఎందుకెళ్ళానో చెప్పాను. "ఉపన్యాసానికా? బాగా విన్నారాండి జనం?"

"విన్నారండి. పోయినసారి కూడా బాగానే విన్నారు" అన్నాను.