పద్నాలుగు వేలకు తెగిన బేరం

ఇరవై ఒక్క వేలు చెప్పిన గేర్ల సైకిలును పద్నాలుగు వేలకు తెచ్చుకున్న మనిషి ప్రొద్దుటూరులో నేను కాక ఇంకొకడుంటే చూపించండి. మూడో వంతు కోత. అదీ పొద్దున్నే, అంగడి షట్టరు పూర్తిగా లేవకముందే. కాఫీ కూడా వాళ్ల డబ్బుతోనే తాగాను. ఆ సైకిలు నాకు అక్కరలేనిదీ, నేను పోవలసిన దారికి పనికిరానిదీ అన్నది వేరే సంగతి.

మాది బట్టల అంగడి. కొనడానికి పోయినప్పుడు కావలసిన సరుకు మీద చెయ్యి పెట్టకూడదని మాకు చిన్నప్పుడే నేర్పారు. నాయన సరుకుకు పోతే, నచ్చిన చీరల కట్టను పక్కకు నెట్టి, అక్కరలేని కట్ట విప్పించి, దాని ధర మీద అరగంట వాదించేవాడు. చివరకు లేస్తూ లేస్తూ, "సరే, అదైనా వేయి" అని అసలు కట్ట వైపు వేలు చూపేవాడు. అమ్మేవాడు అప్పటికి అలిసిపోయి ఉంటాడు. ఆ పద్ధతిలో నేను కూరగాయలు కొన్నాను, స్కూటర్ కొన్నాను, ఒక రకంగా పెళ్లి సంబంధం కూడా అట్లే చూసుకున్నాను. ఎక్కడా దెబ్బ తినలేదు.

సైకిలు గొడవ నా స్నేహితుడి వల్ల వచ్చింది. చిన్నప్పటి నుంచి మా పక్క వీధివాడు. కువైట్‌లో పన్నెండేళ్లు డ్రైవరుగా చేసి వచ్చి, ఇక్కడ ఏడాదిగా పొద్దున పూట సైకిలు తొక్కుతున్నాడు. ఒకరోజు అంగడికి వచ్చి, మళ్లీ వీసా వచ్చిందని చెప్పాడు.

"నెలన్నరలో పోతాండా. ఈసారి పోతే ఎప్పుడొస్తానో ఏమో. పోయేలోపల ఇద్దరం ఒక్కసారి పులివెందులకు తొక్కుకుంటా పోదాం రా."

పులివెందులలో మా చెల్లెలుంది. ఎర్రగుంట్ల మీదుగా పోతే దగ్గరే కానీ ఆ రోడ్డంతా సిమెంటు లారీలు. జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పోతే డెబ్బై కిలోమీటర్ల పైనే. ఇరవై ఏళ్లుగా గల్లాపెట్టె దగ్గర నుంచి లేవని మనిషిని నేను. సరే అన్నాను. వాడు అంతకుముందు నన్ను ఏదీ అడిగినవాడు కాదు.

ఏ సైకిలు కొనాలో వాడే చెప్పాడు. వాడిది సన్నటి టైర్లది, వంగిపోయిన హ్యాండిల్‌ది. కొత్తవాడికి దాని మీద మెడ పట్టేస్తుంది. లావు టైర్లవి, ముందర స్ప్రింగులున్నవి గుట్టలెక్కడానికి. తారురోడ్డు మీద బరువు. రెండింటికీ నడుమ ఒక రకం ఉంది. నేరుగా ఉండే హ్యాండిల్, మధ్యరకం టైర్లు, స్ప్రింగులు లేవు. "అది తీసుకో. నీ కాలి పొడుగు చెప్పి తీసుకో" అన్నాడు. ముందురోజే పోయి బయట నుంచి చూసి వచ్చాను. నల్లటిది, గోడ పక్కన నిలబెట్టి ఉంది.

మర్నాడు అంగట్లోకి పోయి నేరుగా ఎర్రటి లావు టైర్ల సైకిలు దగ్గర నిలబడ్డాను. అంగడాయన మా నాయనను ఎరిగినవాడు, పెద్దాయన.

"ఎంతకిస్తావు మామా ఇది?"

"ఇరవై ఒకటి. ముందర షాకులుండాయి, డిస్కు బ్రేకులుండాయి."

"షాకులుంటే ఏంది, నేనేమన్నా గుర్రం కొంటాండానా? పదమూడు."

"ఆ ధరకు దీని నీడ గూడా రాదప్పా."

అరగంట సాగింది. పద్నాలుగు దగ్గర నేను లేచాను. ఇస్తే ఇవ్వు, లేకుంటే ఆ గోడ పక్కన ఉన్నదేదో చూపించు అనడమే మిగిలింది. ఆ మాట నోటి దాకా వచ్చింది.

"సరేప్పా. బోణీ బేరం, పోగొట్టుకోను. పద్నాలుక్కే తీసుకపో."

మా అంగట్లో పొద్దున్నే ఎవరైనా ధర తామే చెప్పి, మేం ఒప్పుకున్నాక వద్దని లేచిపోతే నాయన మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అట్లాంటివాళ్ల ముఖాలు మేం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునేవాళ్లం. ఆ పని నేనెట్లా చేస్తాను? దుడ్లు లెక్కపెట్టి ఇచ్చాను. నిజం చెప్పాలంటే, ఏడు వేలు తగ్గాయన్న సంతోషంలో ఇంటికి వచ్చేదాకా నల్ల సైకిలు గుర్తే రాలేదు.

స్నేహితుడు ఎర్ర సైకిలును చుట్టూ తిరిగి చూశాడు. మూడు వారాలు ఊరి చుట్టూ తొక్కాం. ఒక ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాం.

జమ్మలమడుగు దాకా బాగానే పోయాను. అంటే, వాడు నా కోసం ఆగి ఆగి తొక్కాడు. నా టైర్లు రోడ్డు మీద పిండిమరలాగా మోత మోగాయి. తొక్కిన ప్రతిసారీ ముందర స్ప్రింగు కిందికి దిగి, నా బలంలో సగం అదే తినేది. సీటు ఎత్తు చాలక మోకాళ్లు పొట్టకు తగిలేవి. జమ్మలమడుగులో దోసెలు తిని ముద్దనూరు రోడ్డు పట్టాం. పది కిలోమీటర్లు పోయాక దిగాను. మళ్లీ ఎక్కలేకపోయాను. వాడు కూడా దిగి, నా పక్కన శనగ చేల వెంబడి సైకిలు తోసుకుంటూ నడిచాడు. పది నిమిషాలకు బస్తాలు దించి ప్రొద్దుటూరుకు ఖాళీగా తిరిగిపోతున్న ఆటో ఒకటి కనబడింది. నాలుగు వందలన్నాడు. రోడ్డు పక్కన మోకాళ్లు పట్టుకుని కూర్చునే రెండు వందల యాభైకి దింపాను.

"దుడ్లు తగ్గించేదానికి ఊపిరుందే నీకు. తొక్కేదానికి యాడికి పోయింది?" అన్నాడు స్నేహితుడు.

ఆటో వెనక కూర్చున్నాక మళ్లీ అడిగాడు. "నల్లది కదా నువ్వు చూసి పెట్టుకునింది. ఇదెట్ల కొంటివి?"

చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "పన్నెండు దినాలుండాయిరా నేను పోయేదానికి" అని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ పన్నెండులో మళ్లీ ఒక్క ఆదివారమే దొరుకుతుందని ఇద్దరికీ తెలుసు.

రెండు రోజులు కాళ్లకు తైలం రాయించుకుని, మూడోరోజు ఎర్ర సైకిలు తోసుకుంటూ అంగడికి పోయాను.

"వాడిన సరుకు. ఎనిమిదికి తీసుకుంటా" అన్నాడు పెద్దాయన.

"ఆ నల్లదెంత?"

"పద్దెనిమిదిన్నర. నీకది కావల్లని ఆ పొద్దే తెలుసప్పా. రెండుసార్లు దాని పక్క చూసి కండ్లు తిప్పుకుంటివి."

"తెలిసి ఇది ఎందుకిస్తివి మామా?"

"నువ్వడిగితివి, నేనిస్తి. మీ అంగట్లో ఎవరన్నా చీర తీసుకుంటాంటే, ఇది నీకు బాగలేదమ్మా అని ఎప్పుడన్నా చెప్పినారా మీరు?"

చెప్పలేదు. తెలిసి తెలిసి ఎన్ని కట్టబెట్టామో నాకే లెక్క లేదు.

అప్పుడు ఆయన మొదటిసారి అడిగాడు, సైకిలేసుకొని యాడికి పోతావు అని. చెప్పాను. ఎన్ని దినాలు గడువుందని అడిగాడు. అదీ చెప్పాను. నన్ను నల్ల సైకిలు మీద కూర్చోబెట్టి, మడమ పెడల్ మీద పెట్టించి, కాలు నిటారుగా సాగేదాకా సీటు పైకి లేపాడు. లోపలి నుంచి ఇంకో కొలత ఫ్రేముది తెప్పించి మళ్లీ కూర్చోబెట్టాడు. గాలి ఎంత ఉండాలో, ఎక్కుడులో ఏ గేరు వేయాలో చెప్పాడు. గంట పట్టింది. ఈ గంట మొదటిరోజు కూడా దొరికేదే. నాకేం కావాలో నేను దాచిపెట్టుకున్నాను. ఆయనా అడగలేదు. బేరం ఆడకుండా దుడ్లిచ్చి బయటికి వచ్చాను. జీవితంలో మొదటిసారేమో, చేతులు ఖాళీగా అనిపించాయి.

ఆ వారమంతా పొద్దునా సాయంత్రం తొక్కి, ఆదివారం మళ్లీ అదే దారి పట్టాం. జమ్మలమడుగులో అదే హోటలు, దోసెలకు ఈసారి వాడు డబ్బులిచ్చాడు. పోయినసారి దిగిన చోటు ఎప్పుడు దాటిందో నేను గమనించలేదు. వాడు గమనించాడట, తర్వాత చెప్పాడు. ముద్దనూరు దాటాక ఎక్కుడు మొదలైంది. ఎండ కూడా. నాలుగుసార్లు ఆగాను. ఒకసారి పడ్డాను, ఎవరూ చూడలేదు. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, వచ్చాక వాడు ముందుకు పోవడం మానేసి నా పక్కకు వచ్చాడు. ఇద్దరం పన్నెండున్నరకు పులివెందులలో చెల్లెలి వాకిట్లో దిగాం.

"ఏమన్నా, ఇదేం ఖర్మ నీకు, బస్సులు లేవా?" అంది చెల్లెలు. స్నేహితుడు అప్పటికే అరుగు మీద పడుకున్నాడు.

తెల్లవారి మళ్లీ తొక్కుకుంటూనే దిగి వచ్చాం. శుక్రవారం వాడు విమానమెక్కాడు. ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేశాను.

ఎర్ర సైకిలు పద్నాలుగు వేలు, తిరిగి వచ్చింది ఎనిమిది, పోయింది ఆరు వేలు. ఆటో రెండు వందల యాభై. తైలం, మోకాళ్ల పట్టీలు మూడు వందల ముప్పై. ఈ మూడూ నా తెలివికి అయిన ఖర్చు: ఆరు వేల ఐదు వందల ఎనభై. మొదటిసారి తిన్న దోసెలు నూట ముప్పై అందులో కలపలేదు, అవి ఎట్లాగూ తినేవే. నల్ల సైకిలు పద్దెనిమిది వేల ఐదు వందలు. పంపు, ట్యూబులు, నీళ్ల సీసా పదకొండు వందల ఇరవై. దోసెలతో సహా అన్నీ కలిపి ఇరవై ఆరు వేల మూడు వందల ముప్పై.