బీరువాలో దొరికిన నా కవరు

ఈ రోజు చిత్తూరులో ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. ఆర్నెల్ల కిందట అక్కడే టైపిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు హాజరయ్యాను. ఫలితం పంపడానికని, మా చిరునామా మాతోనే రాయించి, స్టాంపు అంటించిన కవరు అప్పుడే తీసుకున్నారు. ఆ కవరు ఇంతవరకూ ఇంటికి రాలేదు.

"సేరాల్సినోళ్లు సేరి మూడు నెల్లయిందమ్మా. సెలెక్టు కానోళ్లకు ఏం పంపేది? లెటర్ రాలేదంటే మీరే తెలుసుకోవాల," అన్నాడు గుమాస్తా.

"మరి మా కవర్లు యాడుండాయి సార్?"

ఆయన కుర్చీలోంచి లేవకుండానే బీరువా చూపించాడు. రబ్బరు బ్యాండు వేసిన కట్టలో నా చేతిరాత నాకే కనబడింది. ఒళ్లు మండిపోయింది. ఈ కవరు కోసమే మా నాయన రోజూ పోస్ట్‌మాన్‌కు ఎదురెళ్లి అడుగుతున్నాడు. దీన్ని నమ్ముకునే నేను బడిలో టీచరు పని వదులుకున్నాను.

ఉద్యోగం ఇవ్వకపోతే పోనీ, ఇవ్వలేదన్న మాటకు కూడా మేం నోచుకోలేదా?

"ఎంపిక కాలేదు" అని అక్కడే చీటీ రాసి, ఆ కవరులో పెట్టి, గేటు పక్కనున్న పోస్టు డబ్బాలో నేనే వేశాను. బీరువా నుంచి డబ్బాకు నలభై అడుగులు. ఆర్నెల్లలో ఆ నలభై అడుగులు ఒక్కరూ నడవలేదు.

మీరూ ఎక్కడైనా కవరు ఇచ్చి ఎదురుచూస్తున్నారా? పోస్ట్‌మాన్‌ను కాదు, వెళ్లి బీరువాను అడగండి.