చిన్నమ్మ చదివిన, అచ్చులో లేని పేజీ

మొన్న ఇంటికి సున్నం వేయిస్తుంటే అటక మీది పాత సందూకలోంచి, అట్ట ఊడిపోయిన ఒక మంత్రాల నవల బయటపడింది. అది మా చిన్నమ్మది, అంటే మా బాపు తమ్ముని భార్యది. ముప్పై ఏళ్లు బడిపిల్లల వ్యాసాలు దిద్దిన చేయి కదా నాది, చదవడానికి కూర్చోగానే ఎర్ర పెన్సిలు కోసం వెతుక్కుంది. ఏడేళ్లప్పుడు నేను ప్రాణం పెట్టుకున్న ఆ రాకుమారుడు ఇప్పుడు చూస్తే ఒట్టి దద్దమ్మ. ఆపద వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక ముని ప్రత్యక్షమై గట్టెక్కించాలి. రాకుమారి సంగతి సరేసరి, సగం పుస్తకం మూర్ఛలోనే గడిపింది.

నిజాం కాలంలో మా నిజామాబాదులో, వాడలోని ఆడవాళ్లంతా మా వసారాలో చేరి బీడీలు చుట్టేవాళ్లు. మిషన్ బడిలో నాలుగు తరగతులు చదివింది చిన్నమ్మ ఒక్కతే కాబట్టి ఆమె చదవాలి, తక్కినవాళ్లు చుడుతూ వినాలి, లేచేటప్పుడు తలా పిడికెడు బీడీలు ఆమె చాటలో వేయాలి. అదీ అక్కడి రివాజు. చిన్నాయన బోధన్‌లో చక్కెర కార్ఖానా కడుతున్నారని పనికి పోయి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. చిన్నమ్మను మళ్లీ ఏలుకుంటాడా లేదా అన్నదే ఇంట్లో అందరి బెంగ, అయినా ఆమె ముందు ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు.

ఆ నవల కథలో పడవవాని కూతురు ఒకతె ఉంది. రాకుమారుణ్ణి నిప్పుల నది దాటించి, పెళ్లాడి, వస్తానన్న అతని మాట నమ్మి ఒడ్డునే ఉండిపోయింది. కథ అయిపోవస్తుంటే పక్కింటి ముసలామె ఉండబట్టలేక, "మరి గా పడవోని బిడ్డ సంగతేందే? మల్ల పోయిండా దాని దగ్గరికి?" అని అడిగింది. చిన్నమ్మ పేజీ తిప్పి, వేలు పెట్టి చదివింది: రాకుమారుడు వచ్చాడు, అవతలి ఒడ్డున నిలబడి పిలిచాడు, ఆ పిల్ల పడవను గుంజకు కట్టేసి ఇంట్లోకి పోయింది. "మంచిగ జేసింది పో!" అని ఆడవాళ్లంతా చేతిలో ఆకు వదిలేసి నవ్వారు. ఆ రోజు చిన్నమ్మ చాట నిండిపోయింది.

ఆ పేజీ కోసం మూడుసార్లు వెతికాను. లేదు. ఒక్క కాగితం చిరగలేదు, అంకెలన్నీ వరుసగానే ఉన్నాయి. అచ్చులో ఆ పిల్ల మళ్లీ కనిపించేది పెళ్లిపందిట్లో, రాకుమారికి వింజామర వీస్తూ. అప్పటికి నాకింకా అక్షరాలు రావు, చిన్నమ్మ ఏం చదివితే అదే కథ అనుకున్నాను.

ఆ ఏడు వానాకాలం మొదట్లో చిన్నాయన నిజంగానే వచ్చాడు, జ్వరంతో, చేతిలో ఒక మూటతో. నాయనమ్మ, "లే బిడ్డా, తలుపు తియ్. ఎట్లున్నా నీ మొగడే గదా" అంది. చిన్నమ్మ తీసింది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కథ విన్నదాన్ని కదా, గడియ వేసే ఉంచుతుందనుకున్నాను. ఆడవాళ్ల గుంపూ ఈ చదువులూ చిన్నాయనకు గిట్టవు కాబట్టి పుస్తకం సందూకలోకి పోయింది, చిన్నమ్మ కూడా లోపలింట్లో కూర్చుని ఒక్కతే బీడీలు చుట్టుకుంది.

ఇప్పుడు బీడీలు చుట్టే ఇళ్లలో టీవీ మోగుతోంది, చదివేవాళ్లకు పిడికెడు తీసే రివాజు పోయింది. నా మనవరాళ్లు తమకు కావలసింది తామే చదువుకుంటున్నారు, నచ్చకపోతే మొహం మీదే చెబుతున్నారు, నాకు సంతోషమే. చిన్నమ్మకు మాత్రం ఆ పుస్తకాన్ని అడ్డం పెట్టుకుంటే తప్ప మనసులోది చెప్పే వీలు లేకపోయింది. తలుపు తీసిన రోజున అదీ పోయింది.